మనకు ముందు నడిచినవారు: కాలువ కట్టిన సైనికుడు



పలివెల నుండి రాజోలు వరకు మన చేలకు నీరు ఎవరు తెచ్చారని అడిగితే పసిపిల్లలు సైతం కాటన్ దొరగారి పేరు చెబుతారు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అయితే ఆయన చేతిక్రింద పనిచేసిన ఒక యువ సైనికాధికారిని మనము దాదాపు మరచిపోయాము. ఆయన ఫెలిక్స్ థాకరే హేగ్, మద్రాసు సైన్యములో ఇంజనీరు.

ఆనకట్ట లేచినా నగరం లంకకు నీరు అందలేదు. మధ్యలో వైనతేయ పాయ అడ్డుగా ఉంది. ఏటి మీదుగా కాలువను నడిపించాలి. హేగ్ గారు 1850ల ఆరంభములో గన్నవరం వద్ద ఆ పని చేశారు. ఒక్కొక్కటి 40 అడుగుల చొప్పున 49 కమానులు, మొత్తం పొడవు 2,248 అడుగులు. దానికి మట్టి మోసిన, సున్నం కలిపిన కూలీల పేర్లు మనకు తెలియవు, దేవునికి తెలుసు. 2000లో ప్రక్కనే కొత్త అక్విడెక్టు కట్టి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

తరువాత హేగ్ గారిని గోదావరి ఎగువకు, భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంకు పంపారు. నదిలోని రాళ్ల అడ్డంకులను దాటేలా లాకులు, కాలువలు కట్టి, బీరారు ప్రత్తిని పడవలమీద సముద్రానికి చేర్చాలన్నది ప్రభుత్వపు తలంపు. ఏళ్ల తరబడి శ్రమ జరిగింది. ఇంతలో రైలు వచ్చింది. 1871లో ఆ పనులు ఆగిపోయాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే విలియం కింగ్ గారు ఇల్లందు ప్రాంతములో బొగ్గు కనుగొన్నారు. లోకము పడవను విడిచి బొగ్గు వెంట పోయింది.

మరి హేగ్ గారి శ్రమ వ్యర్థమా? కాదు. దుమ్ముగూడెంలో తనతోపాటు సర్కారు కొలువులోనున్న వెంకటరామరాజు గారితో ఆయన క్రీస్తును గూర్చి మాట్లాడారు. రాజుగారు విశ్వసించి, కొలువు విడిచి, అడవిలోని కోయవారికి సువార్తికుడయ్యారు. తరువాత గురువుగా అభిషేకము పొందారు. 1860లో ఆరంభమైన కోయ మిషను అలా వేరుపారింది. లాకులు ఆగాయి గాని ఆ మాట ఆగలేదు.

హేగ్ గారు మేజర్ జనరల్ హోదాకు ఎదిగి కూడ విశ్రమించలేదు. అరేబియాలో సువార్త అవసరతను గూర్చి 1885లో వ్రాశారు. అది చదివి కేంబ్రిడ్జి పండితుడు అయాన్ కీత్-ఫాల్కనర్ ఏడెన్‌కు వెళ్లి, 1887లో అక్కడే కన్నుమూశారు.

ప్రియులారా, నేడు మన కోనసీమ ఇండ్లనుండి ఎందరో తల్లులు, బిడ్డలు పొట్టకూటికై కువైట్‌కు, మస్కట్‌కు వెళ్తున్నారు. పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు నిలవవచ్చు, నిలవకపోవచ్చు. మన పని ఎంతకాలముంటుందో మన చేతిలో లేదు. గాని ప్రక్కన పనిచేసేవారితో నమ్మకముగా, దయగా ఉండడం, అడిగినప్పుడు మన నిరీక్షణను దాచకపోవడం మన చేతిలో ఉంది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీతోపాటు పనిచేసే ఒక్కరి పేరు తలచుకోండి. పొలములో కావచ్చు, పరదేశములో కావచ్చు. ఆ పేరుతోనే మీ ప్రార్థన మొదలుపెట్టండి.