పహల్గాం: కారు వెళ్లే లోయలు తెరిచారు.. కాలిబాట సంగతేంటి?

వేసవి సెలవుల్లో కశ్మీర్ వెళ్లే తెలుగు కుటుంబాల లిస్టులో పహల్గాం పేరు తప్పకుండా ఉంటుంది. అక్కడ ఒక్క రోజులో నడిచి తిరిగి రాగలిగే దారులు చాలా ఉన్నాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే లిద్దర్ నది ఒడ్డు, కాస్త ఓపికుంటే బైసరన్, ఇంకా ఓపికుంటే ఆరూ నుంచి పైకి. ఇన్నాళ్లూ ఇదే లెక్క. 2025 ఏప్రిల్ 22 తర్వాత అది మారిపోయింది. ఎంత దూరం, ఎంత ఎత్తు అనే ప్రశ్నల కంటే ముందు ‘అసలు తెరిచి ఉందా?’ అని అడగాల్సి వస్తోంది.

ఆ రోజు బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. విశాఖపట్నం వాసి, నెల్లూరు జిల్లా కావలికి చెందిన మరొకరు ఆ మృతుల్లో ఉన్నారు. పర్యాటకులను గుర్రంపై పైకి తీసుకెళ్లిన స్థానిక ముస్లిం యువకుడూ ప్రాణాలు కోల్పోయాడు. కొద్ది రోజులకే కశ్మీర్‌లోని 87 పర్యాటక ప్రాంతాల్లో 48 మూసేశారు.

రెండు విడతలు

2025 జూన్‌లో 16 ప్రాంతాలు తెరుస్తున్నట్టు లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా ప్రకటించారు. బేతాబ్ వ్యాలీ, పహల్గాం బజారు దగ్గరి పార్కులు అందులో ఉన్నాయి. సెప్టెంబర్ చివర్లో మరో 12 తెరిచారు, ఆరూ వ్యాలీ వంతు అప్పుడొచ్చింది. అంటే ఆరూకి వేసవి సీజన్ మొత్తం పోయినట్టే. బైసరన్ పేరు ఆ రెండు జాబితాల్లోనూ లేదు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆరూ, బేతాబ్ వ్యాలీ, చందన్‌వాడీ మూడింటికీ రోడ్డు ఉంది. పహల్గాం స్టాండు నుంచి లోకల్ టాక్సీ ఎక్కితే నేరుగా దిగొచ్చు. బైసరన్‌కి మాత్రం రోడ్డు లేదు. పట్టణం నుంచి సుమారు ఐదారు కిలోమీటర్లు దేవదారు, పైన్ అడవిలో నడవాలి, లేదా గుర్రం ఎక్కాలి. అక్కడికి వెళ్లే ప్రతి పర్యాటకుడి వల్ల గుర్రాలవాళ్లకో, గైడ్లకో, చాయ్ అమ్మేవాళ్లకో నాలుగు డబ్బులు దొరికేవి. తులియన్ సరస్సుకి వెళ్లే దారి కూడా బైసరన్ మీదుగానే.

కాబట్టి రోడ్డున్న చోట్లు తెరిస్తే టాక్సీలకు, హోటళ్లకు ఊపిరి వస్తుంది. కాలిబాట మూసి ఉంటే గుర్రాలవాడి రోజువారీ మజ్దూరీ ఆగిపోతుంది. పైగా గుర్రానికి సెలవుండదు. గిరాకీ ఉన్నా లేకున్నా దాణా వేయాల్సిందే. పర్యాటకం కోలుకుందని చెప్పే సంఖ్యల్లో ఈ తేడా కనిపించదు.

భద్రత మాటేంటి?

మూసివేత తప్పని అనలేం. బైసరన్‌లో జరిగింది భద్రతా వైఫల్యమేనని మనోజ్ సిన్హా స్వయంగా ఒప్పుకున్నారు, బాధ్యత తనదేనన్నారు. వాహనం వెళ్లని చోట సాయం అందడం ఆలస్యమవుతుందని కూడా ఆ రోజే తేలిపోయింది. అయితే ఏ ఏర్పాట్లు పూర్తయితే ఏ దారి తెరుస్తారో జనానికి ముందే తెలియాలి కదా? అది తెలియనప్పుడు గుర్రం అమ్ముకోవాలా, ఇంకో సీజన్ చూడాలా అన్నది ఆ కుటుంబాలు తేల్చుకోలేవు. టికెట్లు బుక్ చేసుకోవాలనుకునే హైదరాబాద్, విజయవాడ కుటుంబాలదీ ఇదే అయోమయం.

వెళ్లేవాళ్లు ఎలా ఎంచుకోవాలి?

ముందుగా, పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోవద్దు. బయలుదేరే ముందు, పహల్గాం చేరాక మళ్లీ ఒకసారి టూరిజం ఆఫీసులోనో పోలీసుల దగ్గరో తెరిచి ఉన్నవి కనుక్కోవాలి. మూసిన దారిలో ‘చాటుగా తీసుకెళ్తాం’ అని ఎవరన్నా వెళ్లకూడదు. అక్కడ ఏదైనా జరిగితే తీసుకెళ్లినవాడే ఇరుక్కుంటాడు.

రెండోది శక్తి. పహల్గాం ఎత్తే సుమారు 2,200 మీటర్లు. హైదరాబాద్ నుంచి దిగిన రోజే కొండెక్కితే ఆయాసం తప్పదు, మొదటి రోజు నది ఒడ్డున నడక చాలు. మర్నాడు ఆరూ వరకు టాక్సీలో, సుమారు 12 కిలోమీటర్లు, వెళ్లి అక్కడి పచ్చిక మైదానాల్లో నడిస్తే పిల్లలకీ, పెద్దవాళ్లకీ సరిపోతుంది. ఆరూ నుంచి లిద్దర్‌వట్ పోను పది కిలోమీటర్లకు పైనే, రాను మళ్లీ అంతే. అది అలవాటున్న యువకులకే. తులియన్ సరస్సు తెరిచి ఉన్నా 3,500 మీటర్లు దాటే ఎత్తు, కుటుంబంతో ఒక్క రోజులో పెట్టుకునే పని కాదు.

మూడోది టైము. కొండల్లో మధ్యాహ్నం దాటితే వాతావరణం ఎప్పుడు మారుతుందో చెప్పలేం. ఉదయాన్నే బయలుదేరి, అసర్ వేళకి పట్టణానికి తిరిగొచ్చేలా చూసుకోవాలి. అమర్‌నాథ్ యాత్ర రోజుల్లో చందన్‌వాడీ దారిలో రద్దీ, తనిఖీలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

ఇక చివరిది, ఖర్చు. తెరిచి ఉన్న దారిలో ఒక పూట గుర్రమో, గైడో మాట్లాడుకుంటే ఆ డబ్బు నేరుగా ఒక ఇంటికి చేరుతుంది. రేటు ముందే తేల్చుకుంటే గొడవ ఉండదు.

కాలిబాటలను ఒకేసారి పూర్తిగా తెరవనక్కర్లేదు. రోజుకు ఇంతమంది అని పరిమితి, పేర్ల నమోదు, గుర్తింపు కార్డున్న స్థానిక గైడు, దారి పొడవునా బలగాలు.. ఇలా మెల్లగా మొదలుపెట్టొచ్చు. ఆ రోజు పర్యాటకులతో పాటు ప్రాణమిచ్చింది గుర్రం నడిపే మనిషే. ఆయన తోటివాళ్ల రోజీ ఎప్పుడు మొదలవుతుందో తేదీ చెప్పాల్సింది ప్రభుత్వమే.