పరుగులోనూ ర్యాంకులేనా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ అయిపోయి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒకాయన ఆపి అడిగారు. "మీరు ఇంటిల్లిపాదీ మారథాన్ ఉరికిండ్రట కదా సార్. మా వాడిని కూడా దింపుదామనుకుంటున్న. ఆరో తరగతి. ఎన్ని కిలోమీటర్లతో మొదలుపెట్టమంటరు?" వెనకాల బండ్లు హారన్ కొడుతుంటే నిలబడి చెప్పే వీలు లేక తర్వాత మాట్లాడదామన్నాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, ఆయన అడిగింది కిలోమీటర్ల గురించే అయినా నేను చెప్పాల్సింది వేరే ఉందనిపించింది. అది ఆయన ఒక్కరికే కాదు, మనందరికీ పనికొచ్చే సంగతి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక దిద్దుబాటు. మేం ఉరికింది పూర్తి మారథాన్ కాదు, హాఫ్ మారథాన్. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియం దాకా పెట్టిన దూరం అది. 1921లో అదే ప్రామాణికమైంది. అందులో సగం అంటే దాదాపు 21.1 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా రమారమి అంత ఉంటుంది. పాలమూరు వాళ్లయితే మహబూబ్‌నగర్‌లో బయలుదేరి జడ్చర్ల దాటి ఇంకాస్త ముందుకు పోవాలి. బస్సులో ఒక కునుకు తీసేంత దూరమే. కాళ్ల మీద పోతేనే అదెంతో తెలుస్తుంది.

ఇంటిల్లిపాదీ అన్నదీ నిజం కాదు. హైదరాబాద్‌లో ఆ దూరం ఉరికింది నేను, నా భార్య, మా బామ్మర్ది. తొమ్మిదో తరగతి చదివే పాప, ఐదో తరగతి బాబు పొద్దున ప్రాక్టీసుకు మాతో వచ్చేవాళ్లు. మా అమ్మ గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు నడిచి బెంచీ మీద కూర్చునేది.

ఇదంతా మొదలైంది నా షుగర్ రిపోర్టుతో. అంచు మీద ఉన్నారు, రోజూ నడవండి అన్నారు డాక్టరు. ఒక్కడినే నడిస్తే వారం రోజుల్లో మానేస్తానని నా భార్యకు తెలుసు. అందుకే తనూ వచ్చింది. వేసవి సెలవుల్లో పిల్లలూ వచ్చారు. మా బామ్మర్ది హైదరాబాద్ మారథాన్ సంగతి చెప్పాడు. 2011లో మొదలైన ఆ పోటీ మామూలుగా ఆగస్టు చివర్లో ఉంటుంది. ఆగస్టులో పోటీ అంటే ప్రాక్టీసు ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టాలి. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊరు మనది. పొద్దున ఐదింటికి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు చేరితే ఆరున్నరకల్లా ఇంటికి వచ్చేయాలి. ఆదివారాలు పానగల్లు వైపు, ఉదయ సముద్రం కట్ట మీదికి పోయేవాళ్లం.

మొదటి నెల బాగా గడిచింది. కుక్కలు వెంటపడితే ఎవరు ఎవరి వెనకాల దాక్కున్నారో చెప్పుకుని ఇంటికొచ్చేదాకా నవ్వేవాళ్లం. నా భార్యను వాకింగ్‌కు వచ్చే ఆడవాళ్లు "ఈ వయసులో ఉరుకుడేంది?" అని అడిగారు. రెండు వారాల తర్వాత వాళ్లలో ఇద్దరు ఆమెతో పాటు అడుగులు పెంచారు.

చెడగొట్టింది నేనే. రెండో నెలలో ఒక నోటుబుక్కు తెచ్చాను. ఎవరు ఎంత దూరం, ఎంత సమయం, నిన్నటికి ఈరోజుకు తేడా ఎంత. రాత్రి అన్నం తినేటప్పుడు చదివి వినిపించేవాణ్ని. పాప నాకన్నా వేగంగా ఉరుకుతుంది. అది చూసి నాకు ఆశ పుట్టింది. మూడు కిలోమీటర్లు ఉరికే పిల్లను వారంలో ఆరు చేయించాను, ఇంకో వారంలో ఎనిమిది. "చూడు, నువ్వు ట్రై చేస్తే వస్తది" అన్నాను. స్లిప్ టెస్టు మార్కులు చూసి అనే మాట కూడా అదే.

ఒక ఆదివారం ఇంటికొచ్చాక మా అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "పిల్ల కాలు ఈడుస్తున్నది. చూస్తలేవా?" అంది.

మా అమ్మకు అది ఎందుకు ముందు కనిపించిందో చెప్పాలి. మాది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ అంటే ఏమిటో మా ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పదార్థం, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. మన జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలిసింది. మా పెదనాన్నకు నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పేవాడు. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఆయనకు ఏళ్ల తరబడి అన్నం పెట్టింది మా అమ్మే. మనిషి నడక మారితే ఆమె కళ్లు ముందు కాళ్ల మీదికే పోతాయి. తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు మా ఊళ్లకు వచ్చాయి. మేం ఆదివారాలు ఉరికే ఉదయ సముద్రంలో ఉన్నదీ కృష్ణా నీళ్లే. మోకాలు వంగితే చాలని మొక్కుకున్న ఇంట్లో పుట్టినవాణ్ని, నా బిడ్డ కాలు నొప్పి నాకు కనబడలేదు. నోటుబుక్కులో అంకె మాత్రం కనబడింది.

పాపను అడిగితే రెండు వారాలుగా నొప్పి ఉందని చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "చెప్తే మార్కులు తగ్గినప్పుడు చూసినట్టు చూస్తవు డాడీ."

డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు. ఉన్నట్టుండి దూరం పెంచడం వల్ల మోకాలి కింద ముందు ఎముక వెంట వచ్చిన నొప్పి అన్నారు. మూడు వారాలు ఉరకొద్దన్నారు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని భాగం ఉంటుందనీ, పెద్దవాళ్ల ప్రాక్టీసు పట్టిక పిల్లలకు పెట్టకూడదనీ నెమ్మదిగానే చెప్పారు. ఎక్స్‌రే చూసి ఊపిరి పీల్చుకున్నాను కానీ ఆ "చూసినట్టు చూస్తవు" అన్న మాట నాతోనే ఉండిపోయింది. కాలు నొప్పి రెండు వారాలు దాచిన పిల్ల ఇంకేం దాస్తోంది? క్లాసులో ఎవరైనా ఏడిపిస్తే చెబుతుందా? చదివింది ఎక్కకపోతే చెబుతుందా?

గేటు దగ్గర అడిగిన ఆయనకు నా జవాబు ఇది. మీ బాబును తప్పకుండా తీసుకెళ్లండి. కానీ పోటీకి దింపడానికి కాదు. 2006 మే 2న ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లవాడు పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు ఏడు గంటల్లో ఉరికాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం కలగజేసుకుని అలాంటి దూరాలు ఉరకకుండా ఆపాల్సి వచ్చింది. పిల్లలు ఉరకగలరు. ఆపమని మాత్రం అడగలేరు, ముఖ్యంగా చప్పట్లు కొట్టేది సొంత మనుషులైనప్పుడు. పెద్ద పోటీలు హాఫ్ మారథాన్‌కు వయసు నిబంధన పెట్టేది ఊరికే కాదు. ఫారం నింపే ముందు అది చదవండి, వయసు ఎక్కువ వేసి రాయకండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఆటైనా, సైకిలైనా, తాడాటైనా సరిపోతుంది. 21 కిలోమీటర్లు అక్కర్లేదు.

పోటీ లేకపోతే పిల్లలు సోమరులవుతారని కొందరు అంటారు. నేను పోటీ వద్దనడం లేదు. పోటీ పడాలనుకునే పిల్లలకు స్కూల్లో పీఈటీ సార్ ఉన్నారు, స్టేడియంలో కోచ్‌లు ఉన్నారు. ఎంత దూరం, ఎప్పుడు పెంచాలో వాళ్లకు తెలుసు. కోచ్ పని ఇంట్లో నాన్నే మీద వేసుకుంటే, నాన్న పని చేయడానికి ఎవరూ మిగలరు. మన పిల్లలకు రోజంతా ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉంటారు. పొద్దున ఆ ఒక్క గంటన్నా ఎవరూ వేయకపోతే ఏం పోతుంది?

మా ఇంట్లో ఇప్పుడు ఒకే నియమం. అందరికన్నా నెమ్మదిగా ఉన్నవాళ్లు ఎంత వేగం అంటే అందరికీ అంతే వేగం. మాట్లాడుకుంటూ ఉరకగలగాలి. ఆయాసంతో మాట ఆగిపోతే నడవాలి. నొప్పి అంటే ఆగడం, ఎందుకు ఏమిటని ఆరా తీయకుండా. నోటుబుక్కు బాబు బొమ్మలు వేసుకుంటున్నాడు. కాలు తగ్గాక పాప మళ్లీ వస్తోంది. ఉరుకుతూ ముందుకే చూడాలి కాబట్టి, ఎదురుగా కూర్చుని ముఖం చూస్తూ చెప్పలేనివి చెబుతోంది. లెక్కల్లో ఏది ఎక్కడం లేదో నాకు మొదటిసారి తెలిసింది ఉదయ సముద్రం కట్ట మీదే.

ఆగస్టులో ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలుపెట్టాం. హైదరాబాద్ దారి మన గ్రౌండ్‌లా చదునుగా ఉండదు, ఎక్కుడూ దిగుడూ ఎక్కువ. మా బామ్మర్ది ముందుకు వెళ్లిపోయాడు. పదహారో కిలోమీటరు దాటాక నా పిక్క పట్టేసింది. నోటుబుక్కు రాసినవాణ్ని నేనే, కూలబడిందీ నేనే. "నువ్వు పో" అన్నాను. నా భార్య పోలేదు. "మనది నెమ్మదైనోళ్ల రూలు కదా" అంది. కాసేపు నడిచాం, కాసేపు ఉరికాం, గచ్చిబౌలి స్టేడియం చేరాం. టైమ్ చూసుకోలేదని చెబితే అబద్ధం అవుతుంది. మూడు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. పాప అడగలేదు. "కాలు ఎట్లుంది డాడీ?" అని మాత్రం అడిగింది.

చివరగా రెండు విన్నపాలు. మొదటిది స్కూలుకు. స్పోర్ట్స్ డే నాడు తల్లిదండ్రులకు మ్యూజికల్ చెయిర్స్, లెమన్ అండ్ స్పూన్‌తో పాటు ఒక గంట కుటుంబ పరుగు పెట్టండి. రెండు కిలోమీటర్లు చాలు. నానమ్మలు, తాతయ్యలు నడవనివ్వండి. మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దు. చేరినవాళ్లందరికీ ఒక అరటిపండు ఇవ్వండి.

రెండోది మనకు. ఆదివారం కూడా క్లాసులు పెట్టమని మీటింగుల్లో అడిగేది టీచర్లు కాదు, మనమే. నేనూ అడిగాను. ఈసారి అడిగే ముందు ఒక ఆదివారం పొద్దున పిల్లలతో కలిసి ఊరి చివరి చెరువు కట్ట దాకా పోయి రండి. ఎంత దూరమో కొలవకండి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు వస్తే పలకరించండి. మా అమ్మ బెంచీ మీద ఉంటుంది, మేం అందరికన్నా వెనకాల ఉంటాం.

(రచయిత నల్లగొండ బ్రాంచిలో చదివే తొమ్మిదో తరగతి, ఐదో తరగతి పిల్లల తండ్రి)