రంగులు తెలియని మాస్టారు

మన లాబ్ గోడమీద మూలకాల పట్టికలో 49వ గడి చూడండి. ఇండియం అని ఉంటుంది. మన దేశంలో దొరికిందేమో అనుకున్నాను. కాదు. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో, జింకు ఖనిజంలో బయటపడింది.

ఇది వెండిలా తెల్లగా ఉండే అరుదైన లోహం. చాకుతో కోస్తే తెగుతుంది. కాగితం మీద గీస్తే గీత పడుతుంది. వంచితే కీచుమంటుంది! 157 డిగ్రీలకే కరుగుతుంది. అంటే మరిగే నీళ్లలో కరగదు గానీ పూరీలు వేసే నూనెలో కరిగిపోతుంది. ఇంత మెత్తనిది దేనికి పనికొస్తుందని అనుకోవద్దు. ఇండియం, తగరం కలిసిన ఆక్సైడును గాజుమీద పల్చగా పూస్తే, గాజు గాజులాగే కనబడుతూ కరెంటు పారుతుంది. సెల్‌ఫోను తెర మన వేలిని గుర్తుపట్టేది ఆ పూతవల్లనే.

దీన్ని కనిపెట్టిన రైక్ మాస్టారికి రంగుల తేడా తెలియదు. మా అమ్మకి చదువు రాదు, సంతలో నోటు రంగు చూసే ఎంతదో చెప్తుంది. రంగే తెలియకపోతే ఎంత కష్టమో! ఆయన ఖనిజంలో థాలియం కోసం వెతుకుతున్నాడు. అది ఉంటే వర్ణపటంలో ఆకుపచ్చ గీత రావాలి. తనకి తెలియదని దాచుకోకుండా, సహాయకుడు రిక్టర్‌ని చూసి చెప్పమన్నాడు. రిక్టర్‌కి ఎవరూ చూడని నీలిమందు రంగు గీత కనిపించింది. పూర్వం నీలిమందు మన దేశం నుంచి పోయేది, అందుకే ఆ రంగుకి మన పేరు, లోహానికి ఆ రంగు పేరు. తర్వాత రిక్టర్ నేనొక్కడినే కనిపెట్టానన్నాడు. అది నాకు నచ్చలేదు. పిలిచి చూపించింది మాస్టారే కదా.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. పేరు రాయొద్దంది. పొడుగని వెనక కూర్చోబెట్టారు. బోర్డుమీదవి తప్పులు ఎక్కించుకుంటే అందరం మొద్దు అన్నాం. నేనూ అన్నాను. దానికి బోర్డు మసగ్గా కనబడుతుందని పోయిన నెలలోనే తెలిసింది. ఇంట్లో చెప్తే చదువు మాన్పిస్తారని భయమట. ఇప్పుడు స్టడీ అవర్లో నేను చదివి చెప్తే రాసుకుంటుంది. లెక్కలు నాకంటే ముందే చేసేస్తుంది.

వార్డెన్ మేడం గారూ, బరువు, ఎత్తు చూసే రోజునే గోడకి అక్షరాల అట్ట పెట్టి అందరి కళ్లూ చూపించండి. రంగులు కూడా. దానికి కళ్లజోడు వచ్చేదాకా ముందు బెంచీలో నా చోటు ఇస్తాను. నాకు వెనకనుంచి కూడా కనబడుతుంది.