డెలివరీ అయిందంటారు, ఎవరి చేతికి?

ఆ రోజు సాయంత్రం మా వీధి చివరింటి కోడలు వచ్చి మా అరుగు మీద కూచుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, నోట మాట లేదు. కాసేపటికి ఫోను నా చేతికిచ్చి, "మామా, ఇది సంతకమేనా చూడు" అనింది.

చూస్తే తెర మీద ఒక వంకర గీత. కోడి కాలితో కెలికినట్టుంది. దాని పైన 'డెలివరీ అయింది' అని తేదీ, టైము.

సంగతి ఏమిటంటే, ఈ అమ్మాయి రెండేళ్ళుగా కంచి నుంచి పట్టుచీరలు తెచ్చి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతోంది. ఆయన మిల్లు షిఫ్టుకు పోతే, పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం పూట ఈ పని. హైదరాబాదులో ఒకావిడ రెండు చీరలు కావాలని 21,000 రూపాయలు ముందే పంపింది. ఈ పిల్ల కొరియరులో పంపింది. నాలుగో రోజు 'డెలివరీ అయింది' అని వచ్చింది. అయిదో రోజు ఆవిడ ఫోను చేసి, "నాకేం రాలేదండీ, సంతకం నాది కాదు" అనింది.

కొరియరాఫీసులో అడిగితే, "మా సిస్టంలో ఇచ్చినట్టుంది, మేం చేసేదేం లేదు" అన్నారు. హైదరాబాదావిడ, "నా డబ్బు తిరిగివ్వకపోతే పోలీసు కంప్లెయింటు ఇస్తా" అనింది. ఆవిడ చెప్పేది నిజమా, అబద్ధమా? మనకు తెలీదు. తెలుసుకునే దారీ లేదు. అదే అసలు బాధ. చివరికి ఈ పిల్ల చీటీ పాడుకుని డబ్బు కట్టేసింది. ఆ చీటీ పెద్దోడి కాలేజీ ఫీజుకని వేసుకున్నది.

ఈ నెల ఈ సంగతి రాయమని ఆ అమ్మాయే అడిగింది. పేరు రాయొద్దు మామా, జరిగింది మాత్రం రాయి అనింది. మన కాలనీల్లో ఇప్పుడు ఇంటికొకరు చీరలో, నైటీలో, వన్‌గ్రామ్ నగలో ఫోనులో అమ్ముతున్నారు. వాళ్ళందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

నేను మిల్లులో ఉన్నన్నాళ్ళూ గోడౌను పక్కనే నా బల్ల. ఒక బేలు గేటు దాటాలంటే గేట్ పాస్ ఉండాలి, డెలివరీ చలాన్ ఉండాలి, లారీ రసీదు ఉండాలి. అవతలి పార్టీ సరుకు దించుకుని చలాన్ కాపీ మీద ముద్ర వేసి, సంతకం పెట్టి, తేదీ వేసి తిరిగి పంపాలి. ఆ కాపీ ఫైల్లోకి వచ్చేదాకా మా లెక్కలో సరుకు చేరనట్టే. లారీ డ్రైవరు "దించేసినాను సార్" అంటే మేనేజరు ఒప్పుకునేవాడు కాదు. మన ఇంట్లోంచి 21,000 రూపాయల సరుకు పోయేటప్పుడు మాత్రం మనం ఏ కాగితమూ అడగం. డబ్బా ఇస్తాం, రసీదు పర్సులో పెట్టుకుంటాం, అంతే.

ఇంకో పాత సంగతి. పీఎఫ్ కాగితాలు, గ్రాట్యుటీ అర్జీలు మనవాళ్ళు ఎట్లా పంపేవాళ్ళు? రిజిస్టర్ పోస్టు, దానికి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. ఆ కార్డు సంతకంతో తిరిగొస్తే ట్రంకు పెట్టెలో అడుగున దాచేవాళ్ళు. చదువు రానోళ్ళు కూడా ఆ కార్డును పారేసేవాళ్ళు కాదు. ఆ బుద్ధి ఇప్పుడు మనకు మళ్ళీ కావాలి.

"రిజిస్టర్ పోస్టు తీసేసినారంట కదా?" అని చాలామంది అడుగుతున్నారు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేసినారు. పేరు పోయింది గానీ పని పోలేదు. ఇప్పుడు స్పీడ్ పోస్టు చేసేటప్పుడు 'రిజిస్ట్రేషన్ కావాలి' అని కౌంటర్లో అడగాలి. అడిగితేనే పెడతారు. దీంట్లో ఉన్న తేడా బాగా గుర్తుపెట్టుకోండి. మామూలు స్పీడ్ పోస్టు అడ్రసుకు ఇచ్చేది. ఆ ఇంట్లో ఎవరు తీసుకున్నా డెలివరీ అయినట్టే. రిజిస్ట్రేషన్ పెడితే ఆ పేరున్న మనిషికి, లేదా ఆ మనిషి ఒప్పుకున్న వాళ్ళకే ఇవ్వాలి. హైదరాబాదు, బెంగుళూరు అపార్టుమెంట్లలో వాచ్‌మన్ తీసుకుని ఎక్కడో పెట్టి మరిచిపోతాడు. కాబట్టి డెలివరీ చేసినవాడు చెప్పేదీ నిజమే కావచ్చు, రాలేదన్న మనిషి చెప్పేదీ నిజమే కావచ్చు. మునిగేది మాత్రం మధ్యలో మనం.

రెండోది ఓటీపీ. ఇది కూడా స్పీడ్ పోస్టులో వచ్చింది. తీసుకునే మనిషి ఫోనుకు నంబరు వస్తుంది, ఆ నంబరు చెప్తేనే పోస్ట్‌మన్ పార్సిల్ ఇస్తాడు. దీనికి 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రిజిస్ట్రేషన్‌కూ అంతే, 5 రూపాయలు, జీఎస్టీ. బస్టాండు దగ్గర టీ తాగితే ఇంతకంటే ఎక్కువవుతుంది. ప్రైవేటు కొరియర్లలో కూడా చాలామంది ఓటీపీ పెడతారు, ఖరీదైన సరుకని ముందే చెప్పి అడగాలి.

ఏది ఎంత గట్టి సాక్ష్యం అని ఆ అమ్మాయి అడిగింది. నేను చెప్పిన వరస ఇది:

ట్రాకింగులో 'డెలివరీ అయింది' అన్న ఒక్క మాట అన్నిటికన్నా బలహీనం. అది ఇచ్చినవాడు తానే రాసుకున్న మాట.

తెర మీద వేలితో గీసిన సంతకం దానికంటే కొంచెం మేలు. కానీ పక్కన పేరు, ఫోను నంబరు లేకపోతే ఆ గీత ఎవరిదని చెప్తాం?

ఇంటి గుమ్మం ముందు తీసిన ఫోటో ఉంటే, పార్సిల్ ఆ గుమ్మం దాకా పోయిందని తెలుస్తుంది. లోపలికి పోయిందని కాదు.

ఓటీపీ గట్టిది. ఎందుకంటే ఆ నంబరు కొన్న మనిషి ఫోనుకే వచ్చింది. నేను తీసుకోలేదని అనడం కష్టం.

పేరున్న మనిషికే ఇచ్చి, పేరు రాయించుకున్న సంతకం కూడా గట్టిదే. కోర్టు కాగితాల లాంటివి పంపేటప్పుడు ఇదే మంచిది.

ఒక జాగ్రత్త. ఓటీపీ అనగానే మనవాళ్ళకు మోసాలు గుర్తొస్తాయి, రావాల్సిందే. కొన్నవాళ్ళకు ముందే మెసేజి పెట్టండి: "పార్సిల్ మీ చేతికి వచ్చినాక, దాని మీద మీ పేరు చూసుకుని, అప్పుడు మాత్రమే నంబరు చెప్పండి. ఫోనులో ఎవరు అడిగినా చెప్పొద్దు." ఇంకొకటి, వాళ్ళ ఫోను నంబరు సరిగ్గా రాయాలి. ఒక్క అంకె తప్పినా ఓటీపీ ఇంకెవరికో పోతుంది.

ఇంతవరకూ పార్సిల్ చేరిందా లేదా అన్నదాని గురించి. దాని లోపల ఏముందన్నది వేరే సంగతి. "డబ్బా వచ్చింది, లోపల పాత గుడ్డ ఉంది" అంటే ఏం చేస్తాం? అందుకే కట్టేటప్పుడే ఫోనులో ఒక వీడియో తీయండి. చీర అంచు, కొంగు, డబ్బాలో పెట్టడం, టేపు వెయ్యడం, అడ్రసు అంటించడం, అంతా మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా రావాలి. కౌంటర్లో తూచి రసీదు మీద బరువు వేస్తారు కదా, ఆ బరువు ఎంత ముఖ్యమో మనకు తెలీదు. పంపినప్పుడు 900 గ్రాములున్నది, వాళ్ళకు చేరేటప్పటికి 400 గ్రాములైతే దారిలో ఏదో జరిగిందని అర్థం. అంతే బరువు ఉంటే డబ్బా దారిలో విప్పలేదనడానికి మనకు ఒక ఆధారం. రసీదు చూసి బరువు సరిగ్గా వేసినారా అని అక్కడే చూసుకోండి. కొన్నవాళ్ళను కూడా డబ్బా విప్పేటప్పుడు వీడియో తియ్యమని ముందే చెప్పండి. చెప్పిన మెసేజి వాట్సాప్‌లో ఉండనివ్వండి, చెరపొద్దు.

ఇప్పుడు డబ్బు సంగతి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. సాక్ష్యం ఉంటే డబ్బు వస్తుందనుకుంటారు. సాక్ష్యం వేరు, ఇన్సూరెన్సు వేరు. స్పీడ్ పోస్టులో ఇన్సూరెన్సు చెయ్యకుండా పంపిన సరుకు పోతే, మనం కట్టిన చార్జీకి రెండింతలు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే ఇస్తారు. అంటే 90 రూపాయలు కట్టి పంపిన 21,000 రూపాయల చీరలకు వచ్చేది 180 రూపాయలు! గుండె ఆగిపోతుంది కదా. పోస్టాఫీసు మీద కేసు వేస్తామంటే, 1898 నాటి చట్టంలోనూ, దాని బదులు 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలోనూ వాళ్ళకు రక్షణ ఉంది. కాబట్టి విలువైన సరుకైతే బిల్లు చూపించి, విలువ రాయించి, ఇన్సూరెన్సు కట్టండి. ఎంతవుతుందో కౌంటర్లో అడిగి, ఆ డబ్బు చీర ధరలోనే కలుపుకోండి. కొనేవాళ్ళకు చెప్పే కలుపుకోవచ్చు, దాపరికం ఏమీ అక్కర్లేదు.

ప్రైవేటు కొరియరైతే రసీదు వెనక సన్నక్షరాలు చదవండి. చదవలేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని కూచోబెట్టి చదివించండి. ఎందుకు చెప్తున్నానంటే, మన బట్టల వ్యాపారంలోనే ఒక పెద్ద కేసు జరిగింది. భారతి నిట్టింగ్ కంపెనీ అని, 1990లో జర్మనీకి సరుకు పంపి, దాని కాగితాలు కవరులో పెట్టి ఒక అంతర్జాతీయ కొరియరుకు ఇచ్చినారు. కవరు చేరలేదు. అవతలివాళ్ళు సరుకుకు పూర్తి డబ్బు ఇవ్వలేదు. వీళ్ళు 4 లక్షలకు పైగా నష్టమని కేసు వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1996లో కోర్టు ఏమనిందంటే, రసీదు మీద 'మా బాధ్యత 100 డాలర్ల దాకానే' అని ఉంది, మీరు సంతకం పెట్టినారు, కాబట్టి అంతే వస్తుంది. అంత పెద్ద కంపెనీకే అట్లా జరిగితే మన సంగతేంటి? సంతకం మనకు సాక్ష్యం అయినట్టే, మన మీద కూడా సాక్ష్యం అవుతుంది.

ఇంత జాగ్రత్త పడినా సరుకు పోతే ఊరికే కూచోవద్దు. ఆ రోజే రాతపూర్వకంగా కంప్లెయింటు ఇచ్చి, నంబరు తీసుకోండి. "డెలివరీ ప్రూఫ్ కాపీ ఇవ్వండి, ఎవరికిచ్చినారు, ఏ నంబరుకు ఫోను చేసినారు" అని అడగండి. నెలలు గడిస్తే ఆ కాపీలు దొరకవు. పోస్టుకు టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868. వినియోగదారుల హెల్ప్‌లైను 1915. 'వ్యాపారం చేసేవాళ్ళు వినియోగదారులు కారు' అని కొందరు భయపెడతారు. 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది, సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం కొని వాడుకున్న సరుకు వ్యాపారం కిందికి రాదని. ఇంట్లో కూచుని చీరలమ్మే ఆడబిడ్డ కూడా అడిగి చూడొచ్చు. మన తిరువళ్ళూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, రెండేళ్ళ లోపల వెయ్యాలి.

కొన్నవాళ్ళు 1930కు సైబరు కంప్లెయింటు ఇస్తే మన బ్యాంకు ఖాతాలో డబ్బు ఆపే అవకాశం కూడా ఉంది. అప్పుడు రసీదు, వీడియో, ఓటీపీ డెలివరీ వివరం చేతిలో ఉంటే ధైర్యంగా పోయి చూపించొచ్చు. లేకపోతే మనమే దొంగలమైనట్టు నిలబడాలి. ఆ అమ్మాయి చీటీ పాడుకుని డబ్బు కట్టింది ఆ భయానికే.

పోయిన వారం ఆమె మళ్ళీ ఒక చీర పంపింది, విజయవాడకు. తోడు రమ్మంటే పోస్టాఫీసుకు నేనూ పోయినాను. డబ్బా తూచినాక కౌంటర్లో ఆయన డబ్బు చెప్పబోతుంటే, "సార్, ఓటీపీ పెట్టండి. విలువ కూడా రాసి ఇన్సూరు చెయ్యండి. ఇదిగో బిల్లు" అనింది. ఆయన తలెత్తి చూసి, కొత్త ఫారం తీసినాడు. వెనక క్యూలో ఒకాయన "ఇంకా ఎంతసేపమ్మా" అని విసుక్కున్నాడు. ఆమె తిరిగి చూసి, "రెండు నిమిషాలు అన్నా, పోయినసారి ఈ రెండు నిమిషాలకు ఒక చీటీ పోయింది" అనింది.

నాలుగో రోజు ఆ విజయవాడావిడ చీర కట్టుకున్న ఫోటో పంపింది. ఆ ఫోటో కూడా దాచిపెట్టమన్నాను.

మీకూ ఇట్లాంటి అనుభవం ఉంటే రాసి, సంఘం ఆఫీసు పెట్టెలో వెయ్యండి. పేరు రాయక్కర్లేదు. పాత రసీదులు మాత్రం పారెయ్యకండి.