సిగ్గు ప్రాణముకన్న మిన్నయా?

మన పావగడ తాలూకాలో తరతరములుగా ఇంట తెలుగు పలుకు కుటుంబముల స్త్రీలు తమ రోగమును చెప్పుకొనుటకు జంకుదురు. గర్భాశయముఖ క్యాన్సరు విషయమున ఈ జంకు ప్రాణాంతకము.

దానికి కారణము దాదాపు ఎల్లప్పుడును హెచ్.పి.వి. అను వైరస్. దాంపత్య జీవితమున ఇది సోకుట సర్వసామాన్యము. పెక్కుమందిలో రెండేండ్లలోపల తానే పోవును. పోక నిలిచినచో, ఏండ్ల తరబడి బాధ తెలియనీయక క్యాన్సరుగా మారవచ్చును. పరీక్షలో వైరస్ కనబడినంతమాత్రమున అది క్యాన్సరు గాదు. శీలమునకు మచ్చయు గాదు.

మహారాష్ట్రమున నాటి ఉస్మానాబాదు జిల్లాలో 1999లో మొదలైన పరిశోధనలో, 30 మొదలు 59 ఏండ్ల స్త్రీలకు ఒక్కమారు ఈ పరీక్ష జరిపి, అవసరమైనవారికి చికిత్స చేసిన పల్లెలలో, పరీక్ష లేని పల్లెలకంటె ఈ మరణములు సుమారు సగమునకు తగ్గెనని 2009లో వెల్లడి యయ్యెను. నమూనాను స్త్రీలు తామే తీసి యీయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసినది.

ఇక సిగ్గునకు తావెక్కడ? పావగడ ఆసుపత్రిలో ఈ పరీక్ష సులభముగ లభింపవలెననియు, దాని వివరము మన తల్లులకు తెలుగులో గూడ చెప్పవలెననియు అధికారులను కోరుచున్నాము. 30 దాటిన ఇల్లాండ్రను పరీక్షకు పంపుట ఇంటి పెద్దల విధి.