గంగాలిన్‌లో గ్రాంథికవాదం

గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగులో గెలిపించిన వాదాన్ని మనవాళ్ళు ఇంగ్లీషులో మళ్ళీ ఓడిస్తున్నారు. ఇది నా ఫిర్యాదు. నేను చూస్తున్న రణరంగం కాన్‌బెర్రాకి ఉత్తరాన ఉన్న గంగాలిన్. నమ్మకం లేకపోతే పొద్దున్నే ఇక్కడి ట్రాము ఎక్కి చూడండి. 2019 ఏప్రిల్లో మొదలైన ఈ ట్రాము పన్నెండు కిలోమీటర్లు పోయి సిటీలో దింపుతుంది. ఆ కాసేపట్లో మనవాళ్ళ ఫోన్లలోకి తొంగి చూస్తే సినిమా పాటలు ఉండవు, మాటల పట్టికలు ఉంటాయి. ప్లెథొరా, యుబిక్విటస్, అమీలియొరేట్, డెలీటీరియస్. పక్క సీట్లో చైనా అమ్మాయి. ఆమె ఫోన్లోనూ అదే జాబితా. అర్థాలు మటుకు మాండరిన్‌లో.

ఎందుకీ అవస్థ? పాయింట్ల కోసం. స్కిల్డ్ వీసాకు దరఖాస్తు పెట్టాలంటే కనీసం 65 పాయింట్లుండాలి. ఐఇఎల్‌టిఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ ఏడు తెచ్చుకుంటే పది పాయింట్లు, ఎనిమిది తెచ్చుకుంటే ఇరవై. అరమార్కు తగ్గితే మళ్ళీ ఫీజు, మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఎదురుచూపు. ఈలోగా వయసు ఒక మెట్టు దాటితే ఉన్న పాయింట్లూ పోతాయి. కాబట్టి పరీక్షకు చదివేవాళ్ళని నేను వెక్కిరించడం లేదు. నా కోపమంతా పెద్ద మాటలు బట్టీపడితే పెద్ద ఇంగ్లీషు వస్తుందన్న ఆ నమ్మకం మీద, దాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మే వ్యాపారం మీద.

ఈ వ్యాపారం కొత్తది కాదు. జీఆర్ఈకి చదివిన తరంలో బ్యారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటల పట్టిక ఎరగనివాళ్ళెవరు? అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ మేడమెట్లు ఎక్కినా ఆ పట్టికే వల్లెవేయించేవారు. అక్కడ బీజింగులో 1993లో పుట్టిన న్యూ ఓరియంటల్ సంస్థ ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. దాన్ని పెట్టిన యూ మిన్‌హోంగ్ రాసిన జీఆర్ఈ మాటల పుస్తకాన్ని చైనా విద్యార్థులు ఎర్ర పుస్తకమని ముద్దుగా పిలుచుకున్నారు. తమాషా ఏమిటంటే, 2011లో జీఆర్ఈ వాళ్ళే వ్యతిరేక పదాల ప్రశ్నలూ పోలికల ప్రశ్నలూ ఎత్తేశారు. విడి మాట తెలిస్తే చాలదు, వాక్యంలో దాని పని తెలియాలన్నారు. పరీక్ష మారింది గానీ పట్టిక మాత్రం మన చేతుల్లోంచి దిగలేదు.

అసలు చైనావాళ్ళ బాధ వేరు, మన బాధ వేరు. వాళ్ళ భాషలో పెద్ద మాట కూడా చిన్న చిన్న ఇటుకలతో కట్టిందే. కంప్యూటర్ని 'దియన్ నావ్' అంటారు, అంటే కరెంటు మెదడు. రైలు 'హువో చ', నిప్పు బండి. మధుమేహం 'థాంగ్ న్యావ్ పింగ్', చక్కెర మూత్రపు జబ్బు. బడిపిల్లవాడికి కూడా ఆ మాట వినగానే సగం అర్థమైపోతుంది. అలాంటివాడికి డయాబిటీస్, న్యుమోనియా అన్న మాటలు కిటికీల్లేని గోడల్లా కనిపిస్తాయి. పట్టుకోవడానికి ఏ కొసా దొరకదు కాబట్టి బట్టీ పడతాడు. ఆ బట్టీకి ఒక కారణముంది.

మనకేం కారణముంది? మన చేతిలో తాళంచెవి పెట్టుకుని గోడ దూకుతున్నాం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు, నిజమే. కానీ మన మాటల సంచీలో సంస్కృతం దండిగా ఉంది. లాటిన్, సంస్కృతం జ్ఞాతులు. అగ్నీ ఇగ్నైటూ చుట్టాలు. నావా నేవీ చుట్టాలు. దంతానికి డెంటల్, నామానికి నామినేట్, పాదానికి పెడల్, మృతికి మోర్టల్, నవ్యతకి ఇన్నోవేట్ దాయాదులు. పక్కింటి చైనా పిల్లకి లేని ఈ వరస మనకుంది. ఏ కోచింగు సెంటరైనా ఈ చుట్టరికం చెప్పిందా? చెప్పదు. పట్టిక అమ్మడం తేలిక, వరసలు కలపడం కష్టం.

ఇంకో సంగతి. మాటల్లో మేడమీదివీ కిందివీ ఉంటాయన్నది తెలుగువాడికి ఒకరు నేర్పాలా? ఇల్లు, గృహం. నీళ్ళు, జలం. చెట్టు, వృక్షం. మొదలెట్టడం, ప్రారంభించడం. ఇంగ్లీషులోనూ అంతే. 1066లో నార్మన్లు వచ్చి కూర్చున్నాక కొట్టంలోని ఆవు కౌ గానే ఉంది, దొరల కంచంలోది బీఫ్ అయింది. బిగిన్ వంటింట్లో ఉండిపోయింది, కమెన్స్ కచేరీకెక్కింది. ఇంట్లో ఎవరైనా "జలపానము గావించి గృహమునకు విచ్చేసితిని" అంటే జ్వరమేమోనని నుదురు పట్టుకు చూస్తాం. మరి ఆఫీసు మెయిల్లో "ఐ విష్ టు కమెన్స్ ది యుటిలైజేషన్" అని రాసి గర్వపడతామేం? అవతల ఆస్ట్రేలియావాడూ మన నుదురే చూస్తున్నాడు, మర్యాదకి చెప్పడంలేదు.

పాండిత్యమంటే అర్థంకాని మాట అన్న భ్రమను మన పెద్దలు నూరేళ్ళ కిందట ఎదిరించారు. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, వాళ్ళతోపాటు యేట్స్ అనే ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు దొర. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. అప్పటికి గ్రాంథికానిదే పైచేయి అయింది. కానీ తర్వాత కథలూ నవలలూ పత్రికలూ ఎవరి మాట నిజమో తేల్చాయి. ఈ వ్యాసం మీరు చదవగలుగుతున్నారంటే ఆయన పుణ్యమే. ఏటా ఆగస్టు 29న గిడుగువారి పటానికి దండవేసి, మర్నాడు ట్రాములో ఇంగ్లీషు గ్రాంథికం వల్లెవేయడం నాకు మింగుడు పడటం లేదు.

కాన్‌బెర్రాలో ఇంకా పెద్ద వింత ఉంది. ఇది ప్రభుత్వోద్యోగుల ఊరు. ఆ ప్రభుత్వానికి స్టైల్ మాన్యువల్ ఒకటుంది. ప్రజలకు రాసేది ఏడో తరగతి చదువుకి అందేలా రాయండి, పొడుగు మాట బదులు పొట్టి మాట వాడండి అంటుంది. జార్జ్ ఆర్వెల్ కూడా 1946లో ఈ మాటే మొత్తుకున్నాడు. అంటే రెండేళ్ళు కష్టపడి సంపాదించిన యుటిలైజ్‌ని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే పై అధికారి కొట్టేసి యూజ్ అని దిద్దుతాడు.

ఇక నిజంగా కావలసిన ఇంగ్లీషు ఎక్కడుంది? క్లినిక్కులో ఉంది. మా వీధిలో ఒక పెద్దాయనకి కాలు సలుపు. కోడలు మంచి స్కోరున్న పిల్ల. డాక్టరుకి "సివియర్ డిస్కంఫర్ట్" అని చెప్పింది. ఎలాంటి నొప్పి అని డాక్టరడిగితే "వెరీ సివియర్" అంది. ఆయన తెలుగులో చక్కగా చెబుతూనే ఉన్నాడు: పగలు తిమ్మిరి, రాత్రి సలుపు, మెట్లెక్కితే పిక్క గుంజుతుంది, అరికాలు మంట. నాలుగు నొప్పులు, నాలుగు వేరు వేరు కారణాలు కావచ్చు. థ్రాబింగ్, బర్నింగ్, క్రాంప్, పిన్స్ అండ్ నీడిల్స్ అన్న చిన్న మాటలు ఏ పట్టికలోనూ లేకపోవడం వల్ల నాలుగూ కలిసి ఒక డిస్కంఫర్ట్ అయిపోయాయి. మామగారి తెలుగే ఆ గదిలో అన్నిటికన్నా అడ్వాన్స్‌డ్ వొకాబులరీ. మెడికేర్ ఉన్నవాళ్ళకి డాక్టరు ఫోన్ మీద దుబాసీని ఉచితంగా పిలిపించుకోవచ్చు. కానీ దుబాసీని అడిగితే మనకి ఇంగ్లీషు రాదనుకుంటారని నామోషీ. ఆ నామోషీకి పెద్దవాళ్ళ కాళ్ళూ గుండెలూ మూల్యం కట్టాలా?

పార్టీ పిలుపులో "బ్రింగ్ ఎ ప్లేట్" అని ఉంటే ఖాళీ పళ్ళెం పట్టుకెళ్ళకూడదనీ, అందులో తినేదేదో వండుకెళ్ళాలనీ ఏ పట్టికా చెప్పదు. పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, పుట్ డౌన్. మూడూ చిన్న మాటలే. ఒకటి వాయిదా, ఒకటి ఓర్పు, ఒకటి అవమానం. ఇంగ్లీషు ప్రాణం ఇక్కడుంది.

"అదంతా సరేనండీ, పెద్ద మాటల్లేకుండా ఎనిమిది ఎలా వస్తుంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఐఇఎల్‌టిఎస్ రాతలోనూ మాటలోనూ పదసంపదకి నాలుగో వంతు మార్కులున్న మాట వాస్తవం. అరుదైన మాటలు వాడితే మెచ్చుకుంటారన్నదీ వాస్తవమే. కానీ వాటిని కుదురుగా వాడాలన్న షరతు పక్కనే ఉంది. తెలుగులో వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, పిడుగు పడుతుంది. వాన కాస్తుంది అన్నవాడికి ఎన్ని పర్యాయపదాలొస్తే ఏం లాభం? ఇంగ్లీషులో వాన హెవీ, గాలి స్ట్రాంగ్. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో చదివితే వస్తుంది, వింటే వస్తుంది. పట్టికలో మాటలన్నీ విడిగా, అనాథల్లా నిలబడి ఉంటాయి.

గుమ్మం దగ్గర పెట్టే భాషా పరీక్ష ఎప్పుడూ భాషను మాత్రమే కొలవదు. 1901 చట్టంతో ఇక్కడ డిక్టేషన్ పరీక్ష వచ్చింది. రానివ్వకూడదనుకున్నవాడికి తెలియని ఐరోపా భాషలో యాభై మాటలు చదివి రాయమనేవారు. 1934లో ఎగాన్ కిష్ అనే రచయితకి చాలా భాషలొచ్చని స్కాటిష్ గేలిక్‌లో పెట్టారు. హైకోర్టు కొట్టేసింది. 1958 చట్టంతో ఆ పరీక్ష పోయింది. ఇప్పటి పరీక్ష అలాంటిది కాదు. అందరికీ ఒకే కొలత, చదువుకుంటే పాసవుతాం. అయినా బ్రిటన్, అమెరికా, కెనడా, న్యూజిలాండ్, ఐర్లండ్ పాస్‌పోర్టుంటే కనీస స్థాయికి పరీక్షే అక్కర్లేదన్న సంగతి గుర్తుంచుకోండి. స్కోరంటే గుమ్మం దాటడానికి ఇచ్చిన చీటీ, అంతే. మన తెలివికి కొలత కాదు.

ఇదే పాయింట్ల పద్ధతిలో తెలుగుకీ విలువుంది. నాటి వాళ్ళ సామాజిక భాషా పరీక్షలో రెండు సంభాషణలు అటూ ఇటూ అనువదిస్తే అయిదు పాయింట్లు. ఇంగ్లీషులో ఇరవై కొట్టినవాళ్ళు ఈ అయిదు దగ్గర తడబడటం చూశాను. ఇన్సూరెన్సుకి బీమా గుర్తురాదు, విట్‌నెస్‌కి సాక్షి తట్టదు, టెనెంటుకి అద్దెకున్నవాళ్ళు అనాలని తోచదు. దానికీ పట్టికలు తయారయ్యాయి! పుట్టి పెరిగిన భాషని కూడా బట్టీపట్టే స్థితికి వచ్చాం.

2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవాళ్ళు 59 వేల పైచిలుకు. గంగాలిన్‌లో న్గునవాల్ అని ఒక పేట ఉంది. ఈ నేల అసలు మనుషుల పేరది. వాళ్ళ మనవలు పాత కాగితాల్లోంచీ పెద్దల జ్ఞాపకాల్లోంచీ తమ భాషని ఒక్కొక్క మాటే ఏరుకుని మళ్ళీ కూర్చుకుంటున్నారు. మనకి ఆ గతి పట్టలేదు. తాతయ్యలు ఇంకా సోఫాలో కూర్చుని ఉన్నారు.

అందుకని నేను కోరేది మూడే. ఆ పట్టిక మూసి గంగాలిన్ లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు కథల పుస్తకం తెచ్చుకుని చివరిదాకా చదవండి. ట్రాములో పక్కనున్న చైనా అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడండి. ఇద్దరికీ ప్రాక్టీసు, పైగా ఉచితం. ఈ ఆదివారం మీ నాన్నగారిని నొప్పి ఎలా ఉందో తెలుగులో అడిగి, ఆయన చెప్పిన ప్రతి మాటకీ ఇంగ్లీషు మాట వెతికి, పిల్లల చేత కాగితం మీద రాయించండి. బట్టీపట్టక తప్పదనుకుంటే ఆ కాగితం పట్టండి.