మార్చి దాకా ఉండే పెరడు

2024 తొలి నెలల్లో నగరాల్లో కిలో వెల్లుల్లి ధర 400 రూపాయలకు చేరినప్పుడు చాలామందికి పెరడు గుర్తొచ్చింది. పెరడు లేనివారికి కుండీ గుర్తొచ్చింది. నిజానికి పెద్దగా పనిపెట్టని పంట ఇది. దసరా వెళ్లి, వానలు తెరిపిచ్చి, రాత్రులు చల్లబడగానే గడ్డ విడదీయాలి. లావుపాటి రెబ్బల్ని పైపొర ఊడకుండా, మొన పైకి ఉండేలా రెండు అంగుళాల లోతున గుచ్చాలి. రెబ్బకూ రెబ్బకూ మధ్య నాలుగు అంగుళాలుంటే చాలు. సన్నవి తాలింపులోకి. చలిలో ఆకు పెరుగుతుంది. పొద్దు పొడుగై ఎండ ముదిరేకొద్దీ గడ్డ ఊరుతుంది. బద్ధకించి డిసెంబరు చివర్లో నాటితే దక్కేది గోలీకాయంత గడ్డే.

తవ్వేది ఫిబ్రవరి, మార్చిల్లో. అంటే దాదాపు అయిదు నెలలు ఇంటిపట్టున ఉండాలి. మనకిది షరతులా తోచదు. చర్ల మండలానికి అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కిష్టారం వైపు అలా కాదు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఆ ప్రాంతంలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకుని, మిరప తోటల్లో కూలికి కుదిరారు. మిరపకాయ కోసే నెలలూ, వెల్లుల్లి తవ్వే నెలలూ ఇంచుమించు ఒకటే. 2011లో సుప్రీంకోర్టు ఆ వ్యవహారం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. భయం మాత్రం పోలేదు. 2018 మార్చి 13న కిష్టారం దగ్గర మందుపాతర పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు.

వడ్లయితే గాదెలోనో, చుట్టాల ఇంట్లోనో ఏడాది దాటి నిలుస్తాయి. వెల్లుల్లికి ఆ వెసులుబాటు లేదు. నాటేది గింజ కాదు, నిరుటి గడ్డనే. ఒక్క శీతాకాలం పెరడు బీడు పడితే ఇంటి రకం పోయినట్టే. తిరిగొచ్చినవారు సంతలో కొనాలి. అక్కడ దొరికేది ఎక్కడి నేలదో, ఏ చలికి అలవాటుపడిందో అమ్మేవాడికే తెలియదు. చైనా వెల్లుల్లి దిగుమతిపై 2014 నుంచి నిషేధం ఉన్నా దొంగదారిన వస్తూనే ఉంది. లావు రెబ్బ చూసి మోసపోవడం పట్నంవాళ్లకే పరిమితం కాదు.

భూపేశ్ బఘేల్ ప్రభుత్వం (2018-23) వాగు, పశువు, ఎరువుగుంతలతో పాటు 'బాడీ'ని, అంటే ఇంటిపెరడును కూడా పథకంలోకి ఎక్కించింది. మంచిదే. కాకపోతే విత్తనాలైతే పంచవచ్చు గానీ, మార్చి దాకా ఊళ్లో ఉంటామన్న ధీమాను ఏ పథకమూ సంచిలో పోసి ఇవ్వలేదు.

తవ్విన గడ్డల్ని నీడలో ఆరబెట్టి, ఆకులు జడలా అల్లి, గాలి తగిలేచోట వేలాడదీయాలి. అందులో పెద్దవి ఓ పది వంటింట్లోకి పోకుండా అక్టోబరు దాకా కాపాడుకోవాలి.